పెద్ద పాదాల జాడ

అక్కయ్యగారికి,

నేనెవరో మీకు తెలియదు. అడవిలో కోతిమనిషి తిరుగుతోందని విని, నేనూ మా బావమరిదీ దాని జాడలు వెతకడానికి వెళ్ళాం. వాగు ఒడ్డున మూరెడు పొడవు పాదముద్రలు కనిపించాయి. సంబరపడి వాటి వెంటే వెళితే, ఒక బండ కింద మీ నాన్నగారు జ్వరంతో పడి ఉన్నారు. చెప్పులు తెగిపోతే దుప్పటి చింపి కాళ్ళకు చుట్టుకున్నారు. మీతో మాటా మాటా పెరిగి, తన తమ్ముడి ఊరికి అడ్డదారిన బయలుదేరి దారి తప్పారట. ఇప్పుడు ఇక్కడి ఆసుపత్రిలో కోలుకుంటున్నారు.

"మీ అమ్మాయికి కబురు చేయనా?" అని అడిగాను.

"వద్దు బాబూ. దాని మొహం చూడనని ఒట్టేసుకుని వచ్చాను" అన్నారు.

ఆయన జేబులోని పాత మందుల చీటీ మీద మీ చిరునామా చూసి, ఆయనకు చెప్పకుండానే రాస్తున్నాను. నర్సు గది తలుపు వేయబోతే మాత్రం, "ఉండనివ్వమ్మా, ఎవరైనా వస్తారేమో" అంటున్నారు.

ఇట్లు,
ఆయన్ను ఆసుపత్రిలో చేర్పించినవాడు