గూడ్సు డబ్బా అడుగున

కోరుట్ల,
2 ఫిబ్రవరి 1988

మా బాపుకు, నీ బిడ్డ సువార్త దండాలు.

వచ్చే వారం జగిత్యాలలో బడిపిల్లల వైజ్ఞానిక ప్రదర్శన. నేను రేకుతో మూరెడు గూడ్సు డబ్బా చేశాను. హాస్టల్లో నా పక్కన పడుకునే సిరిసిల్ల రుక్కమ్మ, వాళ్ల బట్ట నేసే సాంచాల దగ్గర్నుంచి పాత బేరింగులు తెచ్చింది, అవే చక్రాలు. అడుగుకి, చక్రాలతో సహా, నిగనిగలాడే నల్లరంగు వేశాను. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం దుకాణంలో బొమ్మలా ఉంది. అసలు డబ్బా అడుగు ఎలా ఉంటుందో నీకంటే ఎవరికి తెలుసు?

అడిగే ముందు ఒకటి చెప్పాలి. ఇది రాయలేక మూడు కాగితాలు చించాను. నువ్వు పెద్దపల్లిలో గూడ్సు బండ్ల కింద దూరి పనిచేస్తావని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. గార్డువని, పచ్చజెండా ఊపుతావని చెప్పాను. మొన్న నువ్వు వచ్చినప్పుడు నీ గోళ్లలో మసి చూసి రుక్కమ్మ "ఎవరే?" అంటే "మా ఊరాయన" అన్నాను. నువ్వు విన్నావు. పేలాల పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిపోయావు.

నన్ను తిట్టు. కానీ జవాబు రాయించు.

నీ
సువార్త


పెద్దపల్లి,
6 ఫిబ్రవరి

బిడ్డా సువార్తా,

నేను చెప్తున్న, నాతోని పనిచేసే హన్మండ్లు రాస్తున్నడు. గా దినం ఇన్న బిడ్డా. గది పోనీ. చక్రాలకు రంగేసినవా, పిచ్చిదానా? పట్టా మీద ఆనే అంచు తోమిన గిన్నె లెక్క మెరవాలె. అది నల్లగుంటే గా డబ్బా ఎన్నడు నడవనట్టే. బ్రేకుల కాడ రాలేది గోధుమ రంగు దుమ్ము. ఇరుసు కాడ నూనె కారి తడితడిగ ఉంటది. ఒక్క తీరు రంగు ఏడ ఉండదు. ఇంకో మాట. మేం కింద చూసి, సుత్తితోని చక్రం కొట్టి మోత ఇని, మంచిగున్నదని సుద్దగీత గీస్తెనే గార్డు జెండ ఊపుతడు. గంతే.

సామేలు


కోరుట్ల,
13 ఫిబ్రవరి

బాపూ, గెలిచాను.

నీ ఉత్తరం రుక్కమ్మకు మొత్తం చదివి వినిపించాను. నువ్వు గార్డువి కావనీ, ఆ రోజు వచ్చిన 'ఊరాయన' నువ్వేననీ చెప్పేశాను. "గా పేలాలు తిన్ననాడే చెప్పొద్దానే?" అని నెత్తిమీద ఒక్కటిచ్చి, సాంచాల నల్లనూనె సీసా తీసింది. గరుకు కాగితంతో చక్రాల అంచులు రుద్దాను. పసుపు ఉడకబెట్టే పాత కడాయి గీకి తుప్పు తెచ్చి, పొయ్యి మసితో కలిపి అద్దాను. తుప్పు అనే ఒక్క మాటలో ఇన్ని రంగులున్నాయని అప్పుడే తెలిసింది.

జగిత్యాల పోతుంటే పోలీసులు బస్సు ఆపారు. ముందు రోజే నక్సలైటు అన్నలు ఆ దారిలో పోస్టర్లు వేశారట. జవాను దూరంగా నిలబడి నా పెట్టె చూపించి, "ఏంది పిల్లా గది? బాంబా?" అన్నాడు. డబ్బా బయటికి తీశాను. అతను దాన్ని తిరగేశాడు. చాలాసేపు చూశాడు. ఇరుసు ముట్టి, నూనె అంటిందేమోనని వేలు చూసుకున్నాడు.

"అడుగు ఎవడు చూస్తడని గింత చేసినవు?"

"మా బాపు చూస్తడు సార్. బండ్ల కింద గదే ఆయన పని."

బస్సంతా విన్నది. నేను గొంతు తగ్గించలేదు.

ప్రదర్శనలోనూ డబ్బాను తిరగేసే పెట్టాను. పెద్దసారు అది పడిపోయిందనుకుని సరిచేయబోతే ఆపి, నువ్వు రాయించినదంతా చెప్పాను. మొదటి బహుమతి. మైకులో చదవడానికి తండ్రి ఏం చేస్తాడో రాసిమ్మంటే, నేనే రాసిచ్చాను: "గూడ్సు బండ్ల అడుగు చూసే సామేలు బిడ్డ." అలాగే చదివారు. రుక్కమ్మ బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టింది.

ఒక్కటే మిగిలింది. వచ్చే ఆదివారం సుత్తి, సుద్దముక్క పట్టుకుని హాస్టలుకు రా. గోళ్లు కడుక్కోకుండా రా. నువ్వు చక్రం కొట్టి విని, గీత గీసేదాకా ఈ డబ్బాను ఎవరినీ కదపనివ్వను.

సామేలు బిడ్డ
సువార్త