వెళ్ళినవాళ్ళ లెక్క

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నిన్న పొద్దున ప్రార్థన ముగించి పాలు పొయ్యి మీద పెడుతుంటే, జనం లెక్కలు రాసుకునే అమ్మాయి వచ్చి, "ఈ ఐదేళ్ళలో మీ ఇంటి నుంచి ఎవరైనా వేరే ఊరు వెళ్ళిపోయారా?" అంది. ఎదురుగా నాన్న ఉన్నారు. నీతో ఆయన గొడవ వీధిన పడుతుందని "ఎవరూ లేరు" అనేశాను.

"వెళ్ళినచోటా అడుగుతామమ్మా, రెండు లెక్కలూ కలవాలిగా" అని నవ్వింది. దేవుణ్ణి తలచిన నోటితోనే, నువ్వు ఈ ఇంట పుట్టనట్టు మాట్లాడాను. సిగ్గేసింది.

దగ్గు తగ్గిందా? దుప్పటి చాలుతోందా? అక్కడ అడిగితే మన ఇంటి నుంచే వచ్చానని చెప్పు.

నిన్న సాయంత్రం నాన్నే, "రేపు ఆ పిల్లను పిలిచి, వాడు వెళ్ళాడనే రాయించు. తిరిగొస్తే దిద్దుకుంటారులే" అన్నారు. సరేనన్నాం. "దిద్దేది ఎప్పుడో వాణ్ణే ఉత్తరంలో రాయమను" అంది అమ్మ.