బోర్డు మీద ఏ పేరు

అన్నా,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. నీతో కొట్లాడకపోతే ఈ రోజు నాకు అన్నం సయించదు.

వదిన సిరిసిల్ల బస్టాండు వెనక కుట్టుమిషను వేసుకుని దుకాణం తెరుస్తోంది. దానికి ‘ఉదయ్ టైలర్స్’ అని పెడదామన్నాను. దళంలో నువ్వు పెట్టుకున్న పేరు, పోలీసులు నిన్ను కాల్చి చంపాక జనం గోడల మీద రాసుకున్న పేరు అదే కదా.

బోర్డు రాయడానికొచ్చిన పెయింటర్ కుంచె కింద పెట్టేశాడు. “గా పేరు రాస్తే నన్ను ఠాణల కూసుండవెడ్తరు. నీ బాంచెన్, ఇంకోటి జెప్పు” అన్నాడు. నీ బానిసనని చెప్పుకునే ఆ ‘బాంచెన్’ పోవాలనే కదన్నా మనం కరపత్రాలు పంచింది!

ఆ కోపం వదిన మీద చూపించాను. నీకూ భయమేనా అని అరిచాను. ఆమె మిషను తుడవడం ఆపలేదు.

“భయమేంది తమ్మీ? గా ఉదయ్ ఎవరో నాకు తెల్వది. మీ అన్న సచ్చిపోయినంక పేపర్ల సూసిన గా పేరు. నా లగ్గం గాయనతోని గాలేదు.”

అది ప్రజల పేరని ఉపన్యాసం మొదలుపెట్టాను.

“ప్రజలు జాకెట్లు కుట్టిచ్చుకునేతందుకు అస్తరు గద, గప్పుడు జెప్పు.”

“మరి ఏం రాయాల్నమ్మా?” అన్నాడు పెయింటర్, విసిగిపోయి.

మొగుడి పేరు పలకకూడదని, పెళ్లయిన నాటి నుంచి నిన్ను ‘మీ అన్న’ అనే అంది కదా. నువ్వెంత వెక్కిరించినా మారలేదు. ఈ రోజు తలెత్తి, “మల్లేశం అని రాయి” అంది.

నేనింకా ఒప్పుకోలేదు. మల్లేశం అనేవాడు వీధికొకడు ఉంటాడు.

పెయింటర్ సరిగా వినబడలేదన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది, ఇంకాస్త గట్టిగా.