కొత్త ముల్లు పెట్టిన పాత వాచీ

సోమవారం

ఇవాళ నాకు యాభై నిండాయి. మా ఆవిడ నాకు క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న చేతి వాచీ, కొనిచ్చింది. నాకంటే పెద్దది, వయసులో. నల్ల డయల్, అందులో మూడు చిన్న డయళ్ళు, పక్కన రెండు బటన్లు. ఒకటి నొక్కితే పొడుగు ముల్లు పరుగు మొదలెడుతుంది, మళ్ళీ నొక్కితే టక్కున ఆగుతుంది.

"చేతికి పెట్టుకోండి, టైము చూసుకోండి. అంతే" అంది.

ఆ 'అంతే'కి అర్థం నాకు తెలుసు. పోయినేడు వాళ్ళన్నయ్య, అంటే మా బావగారు, పాత వాచీ కొని మురిసిపోతుంటే, డయల్‌కి మళ్ళీ రంగేశారని పదిమందిలో చెప్పాను. ఆయన ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

అందుకే తీర్మానం: ఈ వాచీలోనే కాదు, ఎవరి వాచీలోనూ ఏది అసలుది, ఏది మార్చింది అని చూడను. నా భూతద్దం మా ఆవిడ చేతికిచ్చేశాను. ఎంత హాయిగా ఉందో.

మంగళవారం

ఆఫీసులో అందరూ నా మణికట్టు మీదే పడ్డారు. లిఫ్టు ఎంతసేపటికి వస్తుందో కొలిచాను. మేనేజరు ఎంతసేపు తుమ్ముతాడో కొలిచాను. వాచీని పరీక్షించలేదు. నేను మారిన మనిషిని.

బుధవారం

పరీక్షించలేదు. కిటికీలోంచి ఎండ దాని మీద పడింది, అంతే. ఎండ పడితే కనబడేది కనబడుతుంది కదా. మిగతా ముళ్ళన్నీ మసకబారాయి. పొడుగు ముల్లు మాత్రం పెళ్ళికొడుకులా తళతళలాడుతోంది. కలిసి పుట్టినవి ఇలా ఉండవు.

ఇది తీర్పు కాదు. చూశాను, అంతే. కళ్ళు మూసుకుని టీ తాగాను.

గురువారం

పంచదార డబ్బాలో భూతద్దం దొరికింది. వెతకలేదు. టీలో చక్కెర తక్కువైంది. మరో డబ్బాలో చూసి ఉండొచ్చు, నిజమే.

ఎలాగూ చేతిలోకి వచ్చింది గనక చూశాను. బటన్ల అంచులు పదునుగా ఉన్నాయి, వాచీ ఒళ్ళు మాత్రం అరిగి నున్నబడింది. అంటే బటన్లు తర్వాత వేసినవి. ఇక డయల్... చీమ తలకాయంత అక్షరాలు, ఒక్కటీ చెదరలేదు. కొత్త రంగు ముట్టనే లేదు. డయల్ అసలుది! వంటింట్లోనే గంతులేశాను.

"ఏమైందండీ?"

"నడుం పట్టేసింది. వదిలించుకుంటున్నా."

శుక్రవారం

నూనె వేయించే నెపంతో వాచీ రిపేరు షాపుకి వెళ్ళాను. షాపావిడ వెనక మూత తీసి చూపించింది. "మిషను అసలుదే సార్. లోపల ఏ భాగమూ బయటినుంచి తెచ్చి కలపలేదు."

నా ఆనందం పట్టలేక అడిగేశాను. "మరి ఈ పొడుగు ముల్లు?"

"అది నేనే మార్చాను. మీ మిసెస్ మార్చమన్నారు. పాతదానికి పూత పోయి డయల్‌లో కలిసిపోయింది. ‘మా ఆయనకి కళ్ళజోడు లేకుండా కనబడాలి’ అన్నారు. బటన్లు కూడా అంతే. పాతవి గట్టిగా ఉన్నాయి, మీకు బొటనవేలు నొప్పట కదా?"

స్టూలు మీద కూలబడ్డాను. నాలోని వాచీ పిచ్చోడు గుండె బాదుకున్నాడు. మొగుడు మాత్రం దారి పొడుగునా నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. కళ్ళజోడు జేబులోనే ఉంది. ముల్లు కనబడుతూనే ఉంది.

షాపుకెళ్ళిన సంగతి మా ఆవిడకి తెలియకూడదు.

శనివారం

సాయంత్రం బావగారు వచ్చారు. మా ఆవిడే బతిమాలి పిలిచింది. కాఫీ తాగాక ఆయన చెయ్యి చాపారు. కొత్తగా కొన్న పాత క్రోనోగ్రాఫ్. "బావగారూ, ఈసారి ఏమంటారు?"

"చాలా బాగుంది."

"అంతేనా?"

"అంతే." నాలుక కరుచుకుని కూర్చున్నాను. మా ఆవిడ నావైపు ఎంత ప్రేమగా చూసిందో. తర్వాత ఆ వాచీ వైపు చూసింది.

"అన్నయ్యా, ఈ చిన్న ముల్లు పక్కవాటితో కలవట్లేదే?"

అనేసి వెంటనే తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఈయన వంక పెట్టకుండా ఉండాలని, ఈయన వాచీ కొనేముందు రిపేరు షాపులో కూర్చుని అన్నీ నేర్చుకున్నాను. ఇప్పుడు కంటికి అవే కనబడుతున్నాయి."

బావగారు వాచీ విప్పి బల్ల మీద పెట్టారు. "పోయినసారి ఈయన చెప్పింది నిజమే. కనుక్కున్నాను. ఒప్పుకోవడానికి మొహం చెల్లకే రాలేదు. సరిగ్గా చూడండి, ఇద్దరూ."

ఇంకేముంది. నా గట్టు తెగింది. అద్దం మార్చారు, కీ ఇచ్చే గుండీ వేరే వాచీది, బటన్లు మాత్రం అసలువి... "మన వాచీకి నువ్వు మార్పించినవాటిలా కాదు" అనేశాను.

"మార్పించానని మీకెవరు చెప్పారు?"

"నూనె వేయించడానికి వెళ్ళినప్పుడు..."

బావగారు కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వారు. మా ఆవిడ కోపంగా చూద్దామనుకుంది, కుదరలేదు.

ఆదివారం

తీర్మానం, మళ్ళీ మొదటినుంచి. ఇకమీదట ఎవరి వాచీనీ పరీక్షించకూడదు. ఈసారి ఒట్టు నాదీ, మా ఆవిడదీ.

అమలు రేపటి నుంచి. ఇవాళ బావగారు తన దగ్గరున్న వాచీలన్నీ పెట్టెతో సహా తెస్తున్నారు. ఇంట్లో భూతద్దం ఒకటే ఉంది. ముందు తనే చూస్తుందట.