క్యారియర్ పట్టుకున్న మనిషి

నాచారం
6 జులై 1992

మామయ్యకు ఏలియా వందనాలు.

నాలుగు రోజులుగా ముసురు. మౌలాలి గుట్ట కనబడడం లేదు. కంపెనీ గేటు ముందు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఈ రోజు ఇనుప పైపుల లోడు దింపించాను. తర్వాత లారీ చక్రాలకు పట్టిన బురద గోకించాను. అంతకు మించి పని లేదు. ఇంకొన్ని వారాల దాకా దూరం ట్రిప్పులు ఉండవు. డ్రైవర్లందరికీ కంపెనీలో ఏదో ట్రైనింగు పెట్టారు. పెద్ద విషయం కాదు.

పాపకు నాలుగో నెల వచ్చింది. జ్ఞానస్నానం కూడా అయిపోయింది. ఇక లూర్దమ్మను, పాపను పంపిస్తే బాగుంటుంది. గదికి సున్నం వేయించాను. తొట్టెల కట్టడానికి దూలానికి కొక్కెం కొట్టించాను. పంపే రోజు రాయండి. ఉప్పల్‌లో బస్సు దగ్గరికి వచ్చి తీసుకుపోతాను.

అత్తమ్మకు వందనాలు.

మీ అల్లుడు
ఏలియా

తా.క. వంట నేనే చేసుకుంటున్నాను. పక్కింటి రాజేశ్వరమ్మ గారు రైల్వే వాళ్లు, కోస్తా మనుషులు. వాసన చూసి, "మీ ఆవిడ ఎప్పుడొస్తుంది నాయనా" అని రోజూ అడుగుతున్నారు.


ముత్యాలగూడెం, జనగామ దగ్గర
13 జులై

అల్లుడు ఏలియాకు శాంతయ్య రాయునది.

మీకు ముసురు అన్నావు. మాకు రెండు వానలు పడి ఆగిపోయింది. పత్తి గింజ సగమే మొలిచింది. మొలవని చోట నిన్నంతా మళ్లీ గింజలు పెట్టాం.

ఇక అసలు సంగతి. మా ఊరి బిక్షపతి నాచారంలో తన చెల్లెలి ఇంటికి వచ్చి నిన్ను చూశాడట. ఊళ్లో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నా దగ్గరికి వచ్చాడు.

"శాంతన్నా, నీ అల్లుని సూసిన. సైకిల్ మీదున్నడు" అన్నాడు.

"ఇంకెవర్నో సూసుంటవ్."

"ఆయ్‌నే. ఎనుక ఒకడు క్యారియర్ గట్టిగ వట్టుకోని ఉర్కుతున్నడు. మనిషి తప్పిచ్చుకపోకుంట."

"పోలీసోడా?"

"ఖాకీ అంగీ అయితె ఏసిండు."

ఖాకీ అంగీ డ్రైవర్లు కూడా వేస్తారని నేను అన్నాను. "డ్రైవరైతె లారీ నడుపుతడు గని సైకిల్ ఎనుక ఎందుకు ఉర్కుతడు" అన్నాడు.

మీ పెండ్లిలో వాచీ, సైకిలు పెడతానన్నాను. నువ్వు వాచీ తీసుకుని సైకిలు వద్దన్నావు. "లారీ నడిపేటోనికి సైకిల్ ఎందుకు మామా" అని నలుగురిలో అన్నావు. ఆ మాట నేను రెండేళ్లుగా ఊరంతా చెప్పుకున్నాను. అట్లాంటి మనిషి సైకిలెక్కాడంటే లారీ పోయిందని అర్థం. లైసెన్సు గుంజుకున్నారా? ఎవరినైనా గుద్దావా? ఉన్నది ఉన్నట్టు రాయి.

అప్పటిదాకా లూర్దమ్మ, పాప ఇక్కడే ఉంటారు. పాలు తాగే పిల్లతో దాన్ని కష్టంలోకి పంపలేను.

నీ మేలు కోరే
శాంతయ్య

తా.క. నువ్వు వద్దన్న సైకిలు మా ఇంట్లోనే ఉంది. చర్చికి, అంగడికి దాన్ని వెంట తీసుకునే పోతాను. బాగా చూసుకుంటున్నాను. సీటు మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా చినగలేదు.


నాచారం
17 జులై

మామయ్యకు నమస్కరించి ఏలియా రాస్తున్నది.

వాన తగ్గింది. రోడ్డు మీద గుంతలు బయటపడ్డాయి.

నా లారీ పోలేదు. లైసెన్సు నా జేబులోనే ఉంది. మొదటి ఉత్తరంలో వివరంగా రాయకపోవడం వల్ల ఇదంతా వచ్చింది.

ఏప్రిల్‌లో మా కంపెనీ లారీ ఒకటి గేటు దగ్గర ఎడమకు తిరిగింది. పక్కనే సైకిలు మీద వస్తున్న మనిషి వెనక చక్రం కింద పడ్డాడు. అతని పేరు ఉమామహేశ్వర్, పక్క కంపెనీలో ఫిట్టరు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. నడిపింది నేను కాదు. నడిపినతను పని మానేసి ఊరికి పోయాడు.

ఆ తర్వాత మా మేనేజరు రామ్మోహనరావు గారు ఈ పద్ధతి పెట్టారు. డ్రైవర్లు రోజూ పొద్దున సైకిలు మీద ఉప్పల్ దాకా, లారీలు తిరిగే రోడ్డు మీదే పోయి రావాలి. సైకిలు మీద పోయేవాడికి లారీ ఎట్లా కనబడుతుందో తెలియాలని. మాకు నేర్పడానికి ఉమామహేశ్వర్‌నే పిలిచారు.

మొదటి రోజు అతను చంకకర్రతో వచ్చి నా లారీకి ఎడమ పక్కన, ముందు చక్రం దగ్గర నిలబడ్డాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే క్యాబిన్‌లోకి ఎక్కించి అద్దంలో చూడమన్నాడు.

"కనబడ్తున్ననా?" అని కింది నుంచి అడిగాడు.

"లేదు."

"ఇప్పుడు?"

"లేదన్నా."

"గా రోజు గూడ గంతే" అన్నాడు. తర్వాతి డ్రైవరును ఎక్కమన్నాడు.

నేను పన్నెండేళ్లుగా హారన్ కొడుతున్నాను. అది వెనక నుంచి వీపు మీద పడితే ఎట్లా ఉంటుందో ఈ నెలలోనే తెలిసింది. లారీ పక్క నుంచి పోతే ఆ గాలికి సైకిలు లారీ వైపే గుంజుకుపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

బిక్షపతి చూసింది పోలీసును కాదు. నా తోటి డ్రైవరు జోసఫ్‌ను. క్యారియర్ పట్టుకోవడం కూడా ట్రైనింగే.

లూర్దమ్మను, పాపను వచ్చే వారం పంపగలరు.

ఇట్లు
ఏలియా

తా.క. ఆ రోజు నా మోకాలికి కట్టు ఉంది. బిక్షపతి చెప్పి ఉండకపోతే మీరు అడగకండి.


ముత్యాలగూడెం
20 జులై

అల్లునికి,

ఉత్తరం అందింది. కాలికి కట్టు ఉందని బిక్షపతి చెప్పలేదు. నువ్వే చెప్పావు. మీ అత్త అన్నం మానేసింది.

సైకిలు తొక్కితే జీతమిచ్చే కంపెనీ ఉందంటే ఊళ్లో ఎవరూ నమ్మడం లేదు. ఉంటే తమనూ పెట్టించమని నలుగురు అడిగారు. కాలు పోయిన మనిషే వచ్చి లారీవాళ్లకు నేర్పుతున్నాడంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఆ మనిషికి మీ మీద కోపం ఉండదా? నేనైతే కర్రతో నేర్పేవాణ్ణి.

అల్లుడా, కష్టం వస్తే చెప్పుకోవడంలో తప్పు లేదు. నిన్న చర్చిలో విన్నపాలు అడిగే వేళకు నేను లేచి నిలబడ్డాను. "నా అల్లుడు ఏలియాకు లారీ కాడ కష్టమొచ్చింది, కాలుకు దెబ్బ తాకింది" అని అంతవరకే అన్నాను. కండువాతో ముఖం తుడుచుకుని కూర్చున్నాను. పక్కన మీ అత్త దానమ్మ పెద్దగా ఏడ్చింది. మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకున్నారు. ఫాదర్ మా ఊరు కాక ఇంకా కొన్ని ఊళ్లు చూస్తాడు. అన్ని చోట్లా నీ పేరు చదివిస్తానన్నాడు. జనగామ సిస్టరమ్మలకు కూడా చెబుతాడట.

నువ్వు నిజం రాసేదాకా లూర్దమ్మ రాదు.

శాంతయ్య

తా.క. లూర్దమ్మ నీ ఉత్తరం చదువుతూ నవ్వింది. "ఎనుక వట్టుకున్నడా? క్యారియరా?" అని అడిగి మళ్లీ నవ్వింది. దుఃఖం ఎక్కువైతే కొందరికి అట్లా అవుతుందని మీ అత్త దాని నుదుట సిలువ గుర్తు వేసింది.


నాచారం
30 జులై

మామయ్యకు,

ఈ ఉత్తరం రాయడానికి రెండు కాగితాలు చింపాను.

ఆదివారం మా నాచారం చర్చికి జనగామ నుంచి ఒక సిస్టరమ్మ వచ్చింది. విన్నపాలప్పుడు లేచి, లారీ కింద పడి రెండు కాళ్లూ పోయిన ఒక బిడ్డ కోసం ప్రార్థించమని అడిగింది. చంటిపిల్ల తండ్రి అట. పేరు ఏలియా అట. నా పేరువాడే కదా అనుకున్నాను. అందరికంటే ముందు నేనే మోకాళ్ల మీద కూర్చున్నాను. మోకాలి పుండు ఇంకా మానలేదు. అయినా చివరిదాకా లేవలేదు.

నిన్న సాయంత్రం మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో చేతులతో తిప్పే మూడు చక్రాల బండి ఉంది. సిస్టరమ్మ దిగింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"ఏలియా ఇల్లు గిదేనా?"

"గిదేనమ్మా."

"లోపల పండుకున్నడా?"

"నేనేనమ్మా ఏలియాను."

ఆమె నా కాళ్లు చూసింది. నేనూ చూసుకున్నాను.

"మరి నిలబడ్డవేంది?" అంది.

నేను వెంటనే కూర్చున్నాను.

మామయ్యా, నేను దాచింది ఒకటే. ఇక దాచను. నాకు సైకిలు రాదు. చిన్నప్పుడే లారీ మీద క్లీనరుగా చేరాను. క్లీనరు నుంచి స్టీరింగు మీదికి వచ్చాను. సైకిలుతో పని పడలేదు. పెండ్లిలో వద్దన్నది పెద్ద మనసుతో కాదు. ఎక్కి ఊళ్లో ఒక చుట్టు తిరిగి రమ్మంటారని భయపడ్డాను. జోసఫ్ క్యారియర్ పట్టుకునేది నేను పడిపోకుండా. అతను వదిలిన ప్రతిసారీ పడ్డాను.

ఆగస్టు 8 శనివారం పరీక్ష. కంపెనీ గేటు నుంచి ఉప్పల్ దాకా ఎవరూ పట్టుకోకుండా పోవాలి. పోలేనివాడికి లారీ ఇవ్వరు. గోడౌన్‌లో పని ఇస్తారు. అంటే మీరు అనుకున్నదే జరుగుతుంది, కొంచెం ఆలస్యంగా.

ఉమామహేశ్వర్‌కు కోపం లేదా అని అడిగారు. ఉందేమో, నాకు తెలియదు. నిన్న నేను పడితే లేపలేదు. చంకకర్ర మీద ఆనుకుని నిలబడి, "రోడ్డు మీద మేం గూడ గిట్లనే ఊగుతం. నేర్సుకున్నంక గూడ గిది యాదివెట్టుకో" అన్నాడు.

లూర్దమ్మను పంపేది మానేది మీ ఇష్టం. ఈ సంగతి మాత్రం ఆమెకు చెప్పకండి.

ఏలియా

తా.క. "ప్రార్థన జేసి ఇచ్చినం, మల్ల ఎట్ల తీస్కపోతం" అని సిస్టరమ్మ బండిని వెనక్కి తీసుకోలేదు. ఆమె ఒప్పుకుంటే ఆ బండిని ఉమామహేశ్వర్ ఇంటికి తోసుకుపోయి ఇచ్చాను. బండి వెనక ఎర్ర రంగుతో ఏలియా అని రాసి ఉంది. తుడిపేస్తానన్నాను. "ఉండనియ్యి. లారోళ్లకు నేను కనబడకున్నా నీ పేరన్న కనబడ్తది" అన్నాడు.


ముత్యాలగూడెం
3 ఆగస్టు

అల్లుడు ఏలియాకు మామ శాంతయ్య దీవెనలు.

మళ్లీ వాన పట్టింది. రెండోసారి పెట్టిన గింజలు మొలిచాయి. చేలో కాలు పెట్టలేక ఈ రోజు ఇంట్లోనే పగ్గాలు పేనుతున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. ఇప్పుడు నమ్ముతున్నాను. కల్పించి రాసేవాడు తన పరువు నిలిచేట్టు రాసుకుంటాడు. ఇట్లా రాయడు.

నిన్న చర్చిలో మళ్లీ లేచి, నా అల్లునికి రెండు కాళ్లూ ఉన్నాయని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. పోయిన కాళ్లు తిరిగి వచ్చాయని అనుకున్నారట. అది కాదని చెప్పేలోపు పాట అందుకున్నారు. ఈసారి నువ్వు ఊరికి వస్తే కాళ్లు చూడడానికి జనం వస్తారు. కొంచెం ఓపిక పట్టు.

లూర్దమ్మకు చెప్పవద్దని రాశావు. నా కళ్లకు మసక. పెద్ద అక్షరాలు రాసుకోగలను గానీ నీ చిన్న రాత చదవలేను. మొదటి నుంచీ నీ ఉత్తరాలు చదివి వినిపించేది ఆమెనే. సైకిలు రాదు అని రాసిన చోట ఆగింది.

"నాకు ఎర్కనే నాయినా" అంది.

"ఎట్ల ఎర్క?"

"పెండ్లైన నెలకే. కిరాయి సైకిల్ తెచ్చి మౌలాలి దర్గా దాక నడిపిచ్చుకుంటనే వచ్చిండు. ఎనుక కూసుంట అంటె గాలి లేదన్నడు. గాలి మస్తుగున్నది. నేను ఒత్తి సూసిన."

"మరి అడగలేదా?"

"అడిగితె సిన్నబోతడు."

తర్వాత నీ ఉత్తరం మడిచి పెట్టి, నా సైకిలు పెరట్లోకి తీసుకుపోయి ఎక్కింది. చింతచెట్టు చుట్టూ తిరిగి వచ్చింది. జనగామ హాస్టల్లో ఉన్నప్పుడు సిస్టరమ్మల సైకిలు మీద నేర్చుకుందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పరీక్షలోపు నీకు తనే నేర్పుతానంది. "జోసఫన్నను ఇడ్సమని రాయి. క్యారియర్ నేను వట్టుకుంట" అంది. రాసేదెందుకు, నువ్వే పో అన్నాను.

ఈ ఉత్తరం అందేలోపే ఆమె నీ దగ్గర ఉంటుంది. ఆమె ఉండగా రాయలేని మాట ఒకటి ఉంది. నాకూ సైకిలు రాదు. ఈ రెండేళ్లూ చర్చికి, అంగడికి దాన్ని పక్కన నడిపించుకునే పోయాను. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులన్నాను, లేకపోతే గాలి తక్కువుందన్నాను. పెండ్లిలో నువ్వు వద్దన్నప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. తీసుకుంటే, ముందు నువ్వు ఎక్కి చూపించు మామా అంటావని నా భయం నాకుంది.

నువ్వు నేర్చుకున్నాక సైకిలు పట్టుకుని ఒకసారి రా. పత్తి చేను వెనక బండ్ల బాట ఉంది. అటు ఎవరూ రారు. క్యారియర్ గట్టిగా పట్టుకో. వదిలితే చెప్పి వదులు.

మీ మామ
శాంతయ్య

తా.క. సీటు మీది ప్లాస్టిక్ కాగితం లూర్దమ్మ పీకేసింది. లూర్దమ్మ, పాప, సైకిలు ఈ పొద్దున ఏడింటి బస్సుకు వెళ్లారు.