నడవని ముల్లు

గుర్గావ్,
9-12-1979, ఆదివారం.

చి.ల.సౌ. నాగమల్లేశ్వరికి, కోటయ్య దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేనూ, ఇంటావిడ భర్పాయి తాయీ, ఆవిడ గేదె. అక్కడ నువ్వూ, మావయ్య గారూ, అత్తయ్య గారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. అది చేరి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. మూడుసార్లు ఇన్‌లాండ్ లెటరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడుసార్లూ 'ఇక్కడ క్షేమం' అన్నచోటే కలం ఆగిపోయింది. ఈసారి తెల్లకాగితాలు తెచ్చాను. చోటు చాలలేదని వంక పెట్టడానికి లేదు.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. తిండికి లోటు లేదు. పొద్దున తాయీ రెండు రొట్టెలు, వాటి మీద నిమ్మకాయంత వెన్నముద్ద పెట్టి ఇస్తుంది. రాత్రికి అన్నం నేనే వార్చుకుంటున్నాను. నువ్వు పంపిన గోంగూర పచ్చడి ఆఫీసుకు తీసుకెళ్ళడం నా తెలివితక్కువతనం. మా సెక్షన్‌లోని ముగ్గురు తెలుగువాళ్ళూ రెండు రోజుల్లో ఊడ్చేశారు. నాకు జాడీ మిగిలింది. తాయీ మోకాళ్ళ నొప్పులు ఈ చలికి ఎక్కువయ్యాయి. అయినా గేదె పాలు తనే పితుకుతుంది. రోజూ సైకిల్ బయటికి తీస్తుంటే అదే ప్రశ్న: "బహూ కబ్ ఆవేగీ, బాబూ?" కోడలు ఎప్పుడొస్తుందని. మాఘంలో అంటాను. నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని లోపలికి వెళుతుంది.

చలి ఎలా ఉందని అడిగావు. పొద్దున ఏడింటికి కూడా పొగమంచులో ముందున్న ఎడ్లబండి కనబడదు. మువ్వల చప్పుడును బట్టి తప్పుకోవాలి. స్టేషన్ దాకా తొక్కేసరికి చేతులు కొయ్యబారిపోతాయి. స్టాండులో సైకిల్ పెట్టి వేళ్ళను ఒక్కొక్కటిగా హ్యాండిల్ మీది నుంచి విప్పుకుంటాను. నువ్వల్లిన చేతితొడుగులు పెట్టెలోనే ఉన్నాయి. బాగా కుదరక కాదు. చలి వేస్తున్నట్టు నాకు తెలియడం లేదు. రేవాడీ పాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే తోటివాళ్ళు నన్ను చూసి వణుకుతున్నారు.

రామ్‌ఫల్ వాళ్ళు ఇంకా పాడుతున్నారా అన్నావు. పాడుతున్నారు. ఈ ఉత్తరం రాస్తుంటే స్టేషన్ రోడ్డు మీది ఆయన పంక్చర్ కొట్టు నుంచి వినబడుతూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం పనిముట్లు పక్కన పడేసి నలుగురు స్నేహితులతో రాగిణి అనే వాళ్ళ పల్లెపాట అందుకోవడం ఆయనకు అలవాటే కదా. మొదటిసారి విన్నప్పుడు "అచ్చం మన బుర్రకథలాగే గొంతు చించుకుంటున్నారండీ" అన్నావు. కుండ మూతికి ట్రాక్టరు ట్యూబు ముక్క పరిచి, పాత సైకిల్ ట్యూబు పట్టీతో బిగించి వాయిస్తుంటే పడీపడీ నవ్వావు. కుమ్మరి కోడలివి, కుండకు ఆ గతి పట్టిందేమిటా అని నీ నవ్వు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. మా నాన్న ఆవంలోంచి తీసిన ప్రతి కుండనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. పగులు కంటికి కనబడకముందే చెవికి తెలుస్తుందనేవాడు. ఆయన ఆస్తిలో నాకొచ్చింది ఆ చెవి ఒక్కటే.

ఇక నీ ఉత్తరంలో మిగిలినవి రెండు. వెనక ట్యూబు మార్పించారా అన్నావు. "ప్యాచీ మీద ప్యాచీ వేయించకండి, ఆ రోజు మనకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదు" అన్నావు. రెండోది నువ్వు అడగలేదు, చెప్పావు. ఆ పొద్దున చేతిపంపు నుంచి రెండు బకెట్ల నీళ్ళు మోసుకొచ్చావనీ, వద్దని తాయీ అన్నా వినలేదనీ, బిడ్డ పోయింది అందుకేననీ, ఆ పాపం పోవడానికి శనివారాలు ఒంటిపూట ఉంటున్నావనీ. అత్తయ్య గారు కూడా అవునన్నారని రాశావు. ఆ వాక్యం చదివాక నేను అన్నం వార్చడం మరిచిపోయి గంజిలోనే మాడబెట్టాను.

మల్లేశ్వరీ, ఆ రోజు నా సైకిల్‌కు పంక్చర్ కాలేదు.

చెబుతాను, విను. ఏప్రిల్ పదిహేడు, మంగళవారం. బైసాఖీ సంబరాల్లో రామ్‌ఫల్ వాళ్ళ కుండ పగిలిపోయింది. ఆ సాయంత్రం ఆరూ పదికి బండి దిగేసరికి సైకిల్ స్టాండు దగ్గర ఆయన నా కోసం కాచుకుని ఉన్నాడు. "బాబూ, నువ్వు కుమ్హార్ బిడ్డవి. మా కుండ నువ్వే ఏరిపెట్టాలి, భాయ్" అన్నాడు. ధాన్యం మండీ వెనక కుమ్మరివాళ్ళ పెరట్లో. పది నిమిషాల పనే కదా అనుకున్నాను.

అక్కడ అరవై కుండలున్నాయి. ఒక్కొక్కటీ ఎత్తి, కణుపుతో కొట్టి, వద్దని పక్కన పెట్టాను. కుమ్మరికి కోపం వచ్చింది. "మద్రాసీ బాబుకు కుండల సంగతేం తెలుసు?" అన్నాడు. నేను వద్దన్న కుండను తనే కొట్టి విని, తనే పక్కన పెట్టేశాడు. ఆఫీసులో తపాలా నంబర్లు వేసుకునే గుమస్తాను నేను. ఈ ఊరొచ్చిన రెండేళ్ళలో నా మాట కోసం ఎవరైనా ఎదురుచూడడం అదే మొదలు. నాకంటే జానెడు పొడుగున్న మనుషులు చుట్టూ నిలబడి ఊపిరి బిగపట్టారు. నలభయ్యో, నలభై ఒకటో కుండ పలికింది. రామ్‌ఫల్ అక్కడికక్కడే రబ్బరు బిగించాడు. ఒక పాట పాడారు. ఇంకొకటి పాడారు. నన్ను వాయించమన్నారు. వాయించాను. బాగా వాయించాను మల్లేశ్వరీ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు చూడు, ఆ సాయంత్రం నేను పల్లకీలో ఉన్నాను. ఆ గంటన్నరలో నువ్వు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఏడో నెల అన్న మాటా గుర్తు రాలేదు.

నీకు ఆరున్నరకు నొప్పులు మొదలయ్యాయి. టాంగా పిలిపిస్తానని తాయీ అంటే, "ఆయన వచ్చేస్తారు తాయీ, ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు" అని ఆపావట. నా సైకిల్ బెల్లు కోసం వింటూ గంట సేపు గుమ్మం పట్టుకుని కూర్చున్నావట. ఇదంతా తాయీ తరవాత చెప్పింది. చివరికి ఆవిడే నిన్ను టాంగా ఎక్కించింది. నేను ఎనిమిదింటికి వస్తే తలుపుకు తాళం ఉంది. పాలు పితకని గేదె అరుస్తోంది. పక్కింటివాళ్ళు చెబితే ఆసుపత్రికి తొక్కాను. అప్పటికే అయిపోయింది. ఆడపిల్ల. ఒక్కసారి ఏడ్చిందని నువ్వన్నావు. నువ్వు విన్నావు. నేను వినలేదు. నలభై కుండలు విన్న చెవికి అది దక్కలేదు.

వరండాలో డాక్టరమ్మ నాతో ఒక మాట అంది. నీకు చెప్పలేదు. "నీళ్ళు మొయ్యడం వల్ల, మెట్లు దిగడం వల్ల అని మీ ఆవిడ అనుకుంటుంది. అలా అనుకోనివ్వకండి. గంట ముందు తీసుకొచ్చి ఉంటే మేము ప్రయత్నం చెయ్యగలిగేవాళ్ళం" అంది. నేను తలూపాను. లోపలికి వస్తే మంచం పక్కన తాయీ లేచి, "ఇంతసేపు ఎక్కడున్నావు, బాబూ?" అని నిలదీసింది. "పంక్చర్" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. మా సెక్షన్‌లో ఎవరు ఆలస్యంగా వచ్చినా చెప్పేది ఆ ఒక్క మాటే. నోట్లో సిద్ధంగా ఉంది, వచ్చేసింది. నువ్వు కళ్ళు మూసుకునే నా చెయ్యి పట్టుకున్నావు. "పాపం, ఎంత దూరం తోసుకుంటూ వచ్చారో" అన్నావు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకపోగా మర్నాడు పొద్దున దొడ్డి వెనక తుమ్మచెట్టు నుంచి ఒక ముల్లు విరిచి, వెనక టైరులో నేనే గుచ్చాను. అబద్ధం నిజం చేసుకుందామని. సైకిల్ తోసుకుంటూ రామ్‌ఫల్ కొట్టుకే వెళ్ళాను. ఊళ్ళో మరో కొట్టు లేక కాదు, కాళ్ళు అలవాటుగా అటే వెళ్ళాయి. ముందురోజు సాయంత్రం నా పక్కన కూర్చున్న మనిషి ఆయన. ముల్లు లాగి, అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. రోడ్డు మీద నడిచిన ముల్లయితే మొదలు అరిగి, విరిగి, రబ్బరులో దిగబడి ఉంటుంది. ఇది పచ్చిగా, మొదలు బెరడుతో సహా నిగనిగలాడుతోంది. "యే కాంటా చలా నహీఁ హై, బాబూ" అన్నాడు. ఈ ముల్లు నడిచింది కాదు అని. బిడ్డ సంగతి అప్పటికే ఊళ్ళో తెలుసు. ప్యాచీ వేశాడు, గాలి కొట్టాడు, స్టాండు తీసి చేతికిచ్చాడు. ఇవాళ్టికీ ఎదురుపడితే రాంరాం అంటాడు. పాటకు మాత్రం పిలవడు.

ఆ తరవాత నాకేమైందో నాకే తెలియదు. నువ్వు నెల రోజులు ఏడ్చావు. నేను గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మావయ్య గారు నా భుజం తట్టి, "గుండె రాయి చేసుకున్నావయ్యా" అన్నారు. నేనేమీ చేసుకోలేదు. ఉన్నదేదో పోయింది, అంతే. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మా నాన్న సామెత, ఏడాది కష్టం ఒక్క దుడ్డుకర్ర దెబ్బకు పోతుందని. గుదియ నా చేతిలోనే ఉందని తెలుస్తోంది కానీ చెయ్యి నొప్పి పుట్టడం లేదు. ఆదివారం ఆదివారం నేను ఏరిన కుండే మోగుతోంది. మంచి కుండే. వింటున్నాను. మొన్న తాయీ కొత్త కుండ తెచ్చి, ఎలా ఉందో చూడమంది. కొట్టి చూశాను. బాగుందో బాగాలేదో నాకు తెలియలేదు. బాగుందని చెప్పాను.

దాచుకుని బతకొచ్చు అనుకున్నాను. నువ్వు మాఘంలో వస్తావు, ట్యూబు మారుస్తాను, ముల్లు మీద నెపం పెట్టుకుని ఇద్దరం కాలం గడుపుతాం అనుకున్నాను. కానీ నువ్వు ముల్లును వదిలేసి నిన్ను నువ్వే పట్టుకున్నావు. నేను తప్పించుకున్న తిట్లు నువ్వు తిట్టుకుంటున్నావు, నేను ఉండాల్సిన పస్తులు నువ్వు ఉంటున్నావు. అది మాత్రం నా వల్ల కాదు. రాయి అయినా, మరేదయినా, అంత మోయలేదు.

ఈ ఉత్తరం మావయ్య గారికి చదివి వినిపించు. అత్తయ్య గారికి బకెట్ల సంగతి చెప్పిన నోటితోనే ఇదీ చదువు. ఇది తెలిశాక మాఘంలో రావాలో వద్దో నీ ఇష్టం. వస్తానంటే రమ్మనే అంటాను. నువ్వు లేని గది నాకు బాగాలేదు, ఆ ఒక్కటీ తెలుస్తోంది. రాకపోతే ఎందుకని ఉత్తరం రాయను. తాయీకి మాత్రం నిజం నేనే చెబుతాను. ఆవిడ ఇవాళ పాలు పితికి వచ్చాక చెబుతాను.

వెనక ట్యూబు మార్పించలేదు. దానికున్నది ఒక్కటే ప్యాచీ. అది గట్టిగానే ఉంది.

వచ్చే శనివారం రెండు పూటలా అన్నం తిను. ఎప్పుడో ఏప్రిల్‌లో ఎత్తిన ఆ రెండు బకెట్లూ ఇంక కింద పెట్టు మల్లేశ్వరీ. బిడ్డ పోయింది వాటివల్ల కాదు.

ఇట్లు,
ఆ సాయంత్రం వేళకు రాని నీ భర్త,
కోటయ్య.