కదలని మూడు గంటలు

మహబూబాబాద్,
13 మార్చి 2025

యాకమ్మ పెద్దమ్మకు,

గోదాములో కెమెరాలు చూసే స్వప్న రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నది. నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? భూపాలపల్లిలో బిడ్డ ఇంట్లో బాగున్నావని తలుస్తాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నీ కోపం న్యాయమే. మనవరాలు సుమ చదివి వినిపిస్తుందన్న ధైర్యంతో రాస్తున్నాను.

ఇక్కడ మిర్చి లారీలు మొదలయ్యాయి. తుమ్ములే తుమ్ములు! నీ స్టూలు గేటు దగ్గర అట్లే ఉంది. నీ బదులు వచ్చిన ఐలయ్య మంచోడే గానీ, ముందు డ్రైవర్‌తో ముచ్చటంతా పెట్టి తర్వాత గేటు తీస్తాడు. నిన్ను తలవని రోజు లేదు.

అసలు సంగతికి వస్తాను. పోయిన నెల వీరేందర్ సార్ నన్ను పిలిచి, ముసలామె పగటిపూట ఇంటికి పోతున్నదట, సోమారం రికార్డు జర చూడు అన్నాడు. రోజంతా రికార్డు ఎవరు చూస్తారు? కదలిక ఉన్న ముక్కలు మాత్రమే ఏరి ఇచ్చే ఏర్పాటు కంప్యూటర్లో ఉంది. ఆకు కదిలినా పట్టుకుని సతాయిస్తున్నదని దాని చూపు నేనే తగ్గించి పెట్టాను. లారీ దొరికింది, కుక్క దొరికింది, గాలికి ఎగిరిన ఖాళీ సంచి దొరికింది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏమీ దొరకలేదు. మనిషుంటే మూడు గంటల్ల ఒక్కపారన్న లెవ్వదా అని సార్ నిన్ను పని మాన్పించాడు. నేనేడికి పోలే సార్, గీడనే ఉన్న అని ఒక్క మాట అని, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయావు.

నిన్న ఆ మూడు గంటలూ దాటెయ్యకుండా చూశాను. నువ్వున్నావు పెద్దమ్మా. గోడ నీడలో, కింద, కాళ్లు చాపుకుని. నీ ఒళ్లో జ్వరంతో మా చిన్నది నిద్రపోతున్నది. పిల్లలను తేవద్దన్న సార్ మాట కాదని దాన్ని తెచ్చి నీకిచ్చిన రోజది. నిద్ర చెడుతుందని నువ్వు కాలు కూడా ముడవలేదు, ఆ మోకాళ్లతో! కొంగుతో ఈగను తోలిన ఆ కాస్త కదలిక యంత్రానికి ఆనలేదు. చూస్తూ ఏడ్చాను.

సార్‌కు చూపించాను. పాపను తెచ్చినందుకు నన్ను రెండు మాటలన్నాడు. తర్వాత, ఒకటో తారీఖు నుంచి యాకమ్మను రమ్మను, ఐలయ్యను కాటా కాడికి పంపుత అన్నాడు. పని హడావిడిలో అది పాపను నీకిచ్చిన రోజేనని మరిచిపోయి, యంత్రం చూపిందే నమ్మాను. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే ఉంది. అయినా మన్నించు.

నీ బిడ్డలాంటిది,
స్వప్న

తా.క.: సుమా, ఇది దాటెయ్యకుండా అవ్వకు చదువు తల్లీ. నిన్న ఇంత రాసి కవరు అంటించలేకపోయాను. పెద్దమ్మా, మరిచిపోయానన్నది అబద్ధం. యంత్రం తప్పేమీ చెయ్యలేదు. ఒంటిగంటకు నేను వంగి పాపను నీ ఒళ్లో పెట్టడం, నాలుగింటికి ఎత్తుకోవడం, రెండూ అది పట్టుకుంది. సార్‌కు ఇచ్చేముందు ఆ రెండు ముక్కలూ నేనే తీసేశాను, నా ఉద్యోగం పోతుందని. నువ్వు నా పేరు చెప్పవని, కడుపులో పెట్టుకుంటావని కూడా నాకు తెలుసు పెద్దమ్మా. దానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఇవాళ పొద్దున సార్‌కు అంతా చెప్పేశాను. నువ్వు గేటు కాడికి వచ్చేసరికి నేనక్కడ ఉండను, నర్మెట్టకు మా అమ్మ దగ్గరికి పోతున్నాం. పాప ఇప్పటికీ నిద్రొస్తే యాకవ్వ ఏది అని అడుగుతున్నది.